పట్టీలు కోసిన కవచం

మహావీరులైన బావగారికి,

మీ ఉత్తరం, తోలు కవచం రెండూ చేరాయి. నాన్న కుట్టిన తోలు డ్రాగన్ గోళ్లకి కాగితంలా చిరిగిందనీ, అందుకే కనుమలో వెనక్కి తగ్గాననీ రాణిగారి సభలో చెప్పారట. ఆ ఒక్క మాటతో మా పనిశాలకి తాళం పడింది, నాన్నని చెరసాలలో పెట్టారు. ఇప్పుడేమో విచారణకి ముందే పట్టీలు మార్చి, ఛాతీ మీద నాలుగు గోటి గాట్లు పెట్టి పంపమని నన్నే అడుగుతున్నారు. సిగ్గనేది ఉంటే గదా!

కవచాన్ని బల్ల మీద పరిచి అంగుళం అంగుళం తడిమి చూశాను. నాన్న మైనంలో మరిగించి గట్టిపరచిన ఎద్దుతోలు అది. ఎక్కడా చిన్న గీత లేదు. భుజాల పట్టీలు మాత్రం కత్తితో నున్నగా తెగాయి, అదీ లోపలివైపు నుంచి. డ్రాగన్ మీ చంకలో దూరి కోసిందా బావగారూ? బరువు దించుకుని పరుగెత్తారు. మిమ్మల్ని నమ్మి నిలబడ్డ పన్నెండుమంది తిరిగి రాలేదు.

నేను సూది ముట్టుకోలేదు. కవచాన్నీ, మీ ఉత్తరాన్నీ విచారణాధికారికి అప్పగించాను. ఇవాళ పొద్దున నాన్న ఇంటికొచ్చారు. ఈ ఉత్తరం మీ చేతికిచ్చిన భటులు మిమ్మల్ని తీసుకెళ్లడానికే వచ్చారు.

అక్క కుప్పకూలిపోతుందేమోనని భయపడ్డాను. అంతా విని, కళ్లు తుడుచుకుని, "మీ బావకి కవచం దండగే. మంచి చెప్పులు కుట్టి పంపు, పరుగుకి పనికొస్తాయి" అంది.

కాలి కొలత ఆ భటులకే ఇవ్వండి.

మీ మరదలు