వైశాఖంలో ఉన్ని సాక్సులు

నౌపడ.

విజయనగరం బనీన్ల షాపు నగరేశ్వరరావు గారికి నమస్కారాలు.

నా పేరు సుభద్రమ్మ. మావి ఉప్పుమళ్ళు. మొన్న చలికాలంలో మా ఆయనకు కోతి టోపీ మీ షాపులోనే కొన్నాను. ఆ సంచి మీద మీ అడ్రసు చూసి ఈ కార్డు రాస్తున్నాను. ఫోను చేయొచ్చు కదా అంటారేమో. మా ఇంట్లో ఫోను ఒకటే, అది మా ఆయన జేబులో ఉంటుంది.

నాకు ఉన్ని సాక్సులు రెండు జతలు కావాలి. బాగా మందంగా ఉండాలి. ఒకటి మగవాళ్ళది, పెద్దది. రెండోది నాకు. ఆడవాళ్ళకని చిన్నవి పంపకండి. ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి నా పాదాలు వెడల్పయిపోయాయి.

ఇట్లు,
సుభద్రమ్మ

తా.క.: వైశాఖంలో ఉన్ని ఎందుకని మాత్రం అడగొద్దు.

*

విజయనగరం.

శ్రీమతి సుభద్రమ్మ గారికి, బనీన్ల షాపు నగరేశ్వరరావు నమస్కరించి రాయునది.

మీ కార్డు అందింది. ఎందుకని అడగొద్దన్నారు గనక అడగడం లేదు. అయితే మీవారి కాళ్ళకు ఏమైంది? షుగరు పుండా, తిమ్మిరా, నరాల జబ్బా? పుండయితే ఉన్ని పనికిరాదు, నూలు వాడాలి. తిమ్మిరయితే బిగువు తక్కువ ఉండాలి. మీకూ ఒక జత అడిగారంటే జబ్బు మనిషికి తోడుగా ఉండాలనే అని గ్రహించాను. ఈ రోజుల్లో అలాంటి ఇల్లాలు అరుదు. సిగ్గుపడకుండా జబ్బు పేరు వెంటనే కార్డు మీద రాయగలరు.

భవదీయుడు,
నగరేశ్వరరావు

తా.క.: ఇలాంటివి మా ఆవిడ మహాలక్ష్మమ్మకు బాగా తెలుసు. అడుగుదామంటే ఆవిడ మేడ మీద ఉంటుంది, నేను కింద షాపులో ఉంటాను. మా మధ్య కాఫీ గ్లాసు ఒక్కటే తిరుగుతుంది.

*

నౌపడ.

నగరేశ్వరరావు గారికి, కొంచెం కోపంతోనే నమస్కారం.

మీరు కార్డు మీద జబ్బుల పేర్లన్నీ రాశారు. మా పోస్టుమేన్ జోగయ్యకు కార్డు చేతికిస్తే చదవకుండా ఉండలేడు. రేషన్ షాపు ముందు నిలబడి చదివాడట. కార్డు నా చేతికి వచ్చేసరికి ఊరంతా, "నరసింగరావు బావకి కాళ్ళు పోనాయంట" అనేసింది. ఒకావిడ వేపనూనె తెచ్చింది. ఇంకొకాయన శ్రీకూర్మం వెళ్ళి మా ఆయన పేరున అర్చన చేయించి ప్రసాదం పట్టుకొచ్చాడు. మా ఆయన ఉప్పు గుట్టెక్కి అందరికీ వినబడేలా అరిచారు. "నా కాళ్ళకేటయినాది? సూడండి, ఎక్కి దిగతన్నాను! ఎవులు సెప్పినారు మీకు?"

చెప్పింది నేనేనని ఆయన అనుమానం. అసలే ఆయన రెండేళ్ళుగా ఉప్పు కాపలా అంటూ మడి దగ్గర పాకలోనే పడుకుంటున్నారు. ఇప్పుడు భోజనానికి కూడా రావడం మానేశారు. రెండు కంచాలు పెట్టే అలవాటు పోక, ఒకటి మళ్ళీ బోర్లిస్తున్నాను.

సాక్సులు పంపండి. జబ్బు ఎవరికీ లేదు. నా కాళ్ళు చల్లగా ఉంటాయి, అంతే అనుకోండి.

ఇట్లు,
సుభద్రమ్మ

తా.క.: ఈసారి కవరు అతికించాను. మీరూ అతికించండి. జోగయ్య ఎండలో ఎత్తి చూస్తాడు, మందం కవరు వాడండి.

*

విజయనగరం.

సోదరి సుభద్రమ్మ గారికి, తలవంచుకుని రాయునది.

నా కార్డు వల్ల జరిగినదానికి క్షమించాలి. మేజోళ్ళు రెండు జతలూ ఇవాళే పార్సిల్ చేశాను. కానీ వైశాఖ మాసంలో కాళ్ళు చల్లబడుతున్నాయని మీరు రాసిన ముక్క చదివి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నగారికీ ఆఖరి రోజుల్లో ముందు పాదాలే చల్లబడ్డాయి. మీరు భర్తకు చెప్పకుండా దాచుకుంటున్నారని అర్థమైంది. ఇలాంటివి దాచకూడదు. అందుకని మీవారికి పాక దగ్గరికే విడిగా ఒక ఉత్తరం వేశాను. "తమ భార్యకు కాళ్ళు చల్లబడుచున్నవి, ఆలస్యము చేయవద్దు" అని మాత్రమే రాశాను.

దేవుడు మీకు ఆయువివ్వాలి.
నగరేశ్వరరావు

తా.క.: మీ సంగతి మా ఆవిడతో చెప్పుకోవాలనిపించి సగం మెట్లు ఎక్కాను. ఆవిడ టీవీ చప్పుడు పెంచింది. దిగి వచ్చేశాను.

*

నౌపడ.

అన్నయ్యగారూ, బతికే ఉన్నాను. నమస్కారాలు.

మీ ఉత్తరం అందగానే మా ఆయన మోకాళ్ళదాకా ఉప్పుతో పరుగెత్తుకొచ్చారు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నారు. "నిజంగానే సల్లగున్నాయే. నాకెందుకు సెప్పలేదే సుభద్రా?" అని ఏడ్చేశారు. అప్పుడే బిందె కడిగి వచ్చాను, చల్లగా కాక ఎలా ఉంటాయి! కానీ ఆయన నన్ను తాకి రెండేళ్ళయింది. నాకూ ఏడుపు ఆగలేదు. ఇంక దాచలేక అంతా చెప్పేశాను. మీకూ చెబుతున్నాను, చదివి చింపేయండి.

మా మహిళా సంఘానికి డాక్టర్ రేఖ గారు వచ్చి ఆడదాని ఒంటి గురించి మాట్లాడారు. అందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక నవ్వు రాలేదు. చాలామంది ఆడవాళ్ళకు కోరిక ముందుగా రాదట. దగ్గరితనం, తాకడం మొదలయ్యాకే నెమ్మదిగా వస్తుందట. నేను అది రాలేదు గనక నాలో అయిపోయిందనుకున్నాను. కలయిక ఒక్కదానితోనే చాలామందికి తృప్తి అందదట. దానికి వేరే చోటు ఉంది, పైకి కనబడేది కొంచెమే, మిగతాదంతా లోపలే ఉందట. సుఖం ఇవ్వడం తప్ప దానికి వేరే పనే లేదట. ముగ్గురు పిల్లల్ని కన్నాను, నాకీ మాట ఒక్కరూ చెప్పలేదు.

ముట్లు ఆగాక లోపల పొడిబారి నొప్పి రావడం మామూలేనట, మందుల షాపులో దానికి జెల్ దొరుకుతుందట. ఆ నొప్పి భరించలేకే నేను అప్పట్లో ఆయన చెయ్యి తీసేశాను. నొప్పి అని చెప్పడానికి సిగ్గేసింది. నాకు ఆయనంటే రోత పుట్టిందనుకుని ఆయన పాకకు వెళ్ళిపోయారు. ఆయనకేమో వయసుతో ఒళ్ళు నెమ్మదించిందని లోపల బెంగ. అదీ మామూలేనట, ఇష్టం లేకపోవడం కాదట. చివర్లో డాక్టరుగారు, పాదాలు వెచ్చగా ఉంటే సుఖం తొందరగా అందుతుందని ఎక్కడో విదేశంలో పరీక్ష చేసి చూశారని చెప్పారు. మిగతావన్నీ ఆయనతో మాట్లాడాల్సినవి. సాక్సులయితే మాట్లాడకుండా కొనుక్కోవచ్చు. అందుకే మీకు రాశాను.

పార్సిల్ వచ్చింది. ఇద్దరం తొడుక్కున్నాం. ఫ్యాను కింద కూడా చెమటలు కారిపోయాయి. ఆయన కాళ్ళు చూసి నేను, నా కాళ్ళు చూసి ఆయన, పొట్ట పట్టుకుని నవ్వాం. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి! సాక్సులు ఎప్పుడు విప్పామో గుర్తు లేదు. ఇప్పుడు ఉప్పుకు కాపలా కుక్క ఉంది.

మీరు ఆ మిగతా సగం మెట్లు కూడా ఎక్కండి అన్నయ్యా.

మీ చెల్లెలు,
సుభద్రమ్మ

తా.క.: ఆవేళ నవ్విన వాళ్ళంతా ఒక్కొక్కరే చాటుగా వచ్చి సాక్సుల షాపు ఎక్కడని అడుగుతున్నారు. మీ దగ్గర ఉన్న ఉన్ని సరుకంతా పంపండి.

*

విజయనగరం.

అమ్మా సుభద్రా, మహాలక్ష్మమ్మ ఆశీస్సులు.

నౌపడ నుంచి ఎవరో ఆడమనిషి అతికించిన కవరు పంపిందని గుమాస్తా చెప్పినప్పటి నుంచి నేను నీమీద పళ్ళు నూరుతున్నాను. టీవీ చప్పుడు పెంచింది అందుకే. మొన్న మా ఆయన మెట్లన్నీ ఎక్కి వచ్చారు. నీ ఉత్తరం నా ఒళ్ళో పెట్టి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చింపలేదు, ఏమనుకోకు. నేను రెండుసార్లు చదివాను.

మోకాళ్ళ నొప్పులని ఆయన కింద పడక వేసుకున్నారు. నొప్పులు తగ్గాయి, ఆయన పైకి రాలేదు. రమ్మని నేను అనలేదు, రానా అని ఆయన అడగలేదు. ఒకే ఇంట్లో ఉన్నామే గానీ, ఇన్నాళ్ళూ నేను ఒంటరిదాన్నే తల్లీ. పండగ రోజున కూడా గోడతో మాట్లాడుకున్నాను.

నీలాగ మాకు నవ్వు రాలేదు. ఇంకేమీ జరగలేదు కూడా. టీవీ ఆపేశాను. ఆయన వచ్చి మంచం చివర కూర్చున్నారు. తెల్లారేదాకా పాదాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. డాక్టరుగారు చెప్పినట్టు, మొదలుపెడితే నెమ్మదిగా అదే వస్తుందేమో, చూస్తాం.

సరుకంతా ఈ పార్సిల్లో పంపుతున్నాం.

ఇట్లు,
మహాలక్ష్మమ్మ

తా.క.: ఒక్క జత మాత్రం పంపలేకపోతున్నాం. అందులో ఒకటి ఆయన కాలికుంది, ఇంకొకటి నా కాలికుంది.