రెండు వారాల హాజరు

12-7-84, గురువారం
వేటపాలెం

ఈరోజు నా తప్పు నేనే ఒప్పుకున్నాను. మనసెంత తేలిగ్గా ఉందో!

మా జీడిపప్పు షెడ్డులో పనిచేసే రాహేలు ఇరవైనాలుగు గంటల నొప్పికి, అదే అపెండిసైటిస్‌కి, ఆపరేషన్ చేయించుకుని, పొద్దున డాక్టరు చీటీతో సెలవు జీతం అడగడానికి వచ్చింది. షావుకారు గారు హాజరు పుస్తకం తిప్పి చూశారు. ఆ రెండు వారాలూ ఆమె పేరు ఎదురుగా హాజరు పడి ఉంది.

"నువ్వు ఆస్పత్రిలో ఉంటే ఇక్కడ పప్పు ఒలిచిందెవరమ్మా?"

"మా చెల్లెలు కరుణండి. నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని భయమేసి పంపానండి."

ఇక్కడ అందరూ చేసే పనే. జబ్బుపడితే అక్క బదులు చెల్లెలు, అత్త బదులు కోడలు వచ్చి కూర్చుంటారు. చూసీ చూడనట్టు హాజరు వేసే గుమాస్తాని నేను. ఉపకారం చేస్తున్నాననుకున్నాను. ఆ హాజరే ఆమె సెలవుకి అడ్డం పడుతుందని నాకు తట్టనే లేదు.

"తెలిసే వేశానండి" అన్నాను. ఉద్యోగం ఊడిందనుకున్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "జబ్బుపడ్డ మనిషికి సెలవే రాయవయ్యా. ఇవ్వాల్సింది మనం. చోటు ఎక్కడికీ పోదని వీళ్ళకి చెప్పాల్సిందీ మనమే. ఆ చెల్లెలి పేరు వేరే రాసుకో."

రాహేలుని ఇంకో వారం ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఇంతకుముందు ఇలా ఎంతమంది సెలవులు పోగొట్టానో...

మధ్యాహ్నం హాజరు వేళ కొత్త పేజీలో చూసి "కరుణా" అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఎదురుగానే కూర్చుని తలవంచుకుని పప్పు ఒలుస్తోంది.

చివరికి "రాహేలూ" అన్నాను.

"ఉన్నానండీ" అని ఠక్కున చెయ్యెత్తింది.