దిగిన వాపు

1962 ఫిబ్రవరి, మంగళవారం

ఈ రోజు గుంటూరు వెళ్ళాను. పోయినేడు చనిపోయిన మా పెద్దమ్మాయి రూతు గుండెను పరిశోధన కోసం డాక్టరుగారు అడిగితే ఇచ్చాం. ఇవాళ దాన్ని చూపించారు. సీసాలో ఉంది. లోపలి కవాటాల రేకులు తెల్లటి మచ్చ కట్టి, ఎండు తోలులా ముడుచుకున్నాయి.

"అమ్మాయికి చిన్నప్పుడు కీళ్ళు వాచాయా, మాస్టారూ?" అని అడిగారు డాక్టరుగారు.

వాచాయని, ఆముదపాకు కడితే దిగాయని చెప్పాను.

"కీళ్ళల్లో దిగిందండి. గుండెలో వాపు మాత్రం మచ్చగా మిగిలింది. బిడ్డను చంపింది అదే."

ఇంటికొచ్చేసరికి మా అమ్మ మిరప కళ్ళంలోంచి ఎదురొచ్చింది. "ఒరేయ్, చిన్నదాని మోకాలి వాపు దిగిందిరా! చూడు, ఎట్టా గెంతుతుందో. నా ఆముదపాకు ముందు మీ డాక్టర్లెంత?"

మా చిన్నమ్మాయి ఎస్తేరు నిజంగానే గెంతుతోంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఛాతీకి చెవి ఆనించాను. "చక్కిలిగిలి, నాన్నా" అని నవ్వింది. నవ్వు ఆగాక, చేటతో చెరుగుతున్నట్టు సన్నటి చప్పుడు వినబడింది. రూతు నా పక్కన పడుకున్నప్పుడు వినబడింది ఈ చప్పుడే.

తెల్లారి మొదటి బస్సుకే దాన్ని గుంటూరు తీసుకెళ్ళాలి. అమ్మకింకా చెప్పలేదు. పక్క గదిలో మోకరించి, వాపు దిగినందుకు దేవుడికి స్తోత్రం చెబుతోంది.