నా చేతికి నున్నగానే ఉండింది

తిరుపతి,
గురువారం.

నాయనకు ప్రసన్న నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. కార్వేటినగరంలో నువ్వూ, అమ్మా, తమ్ముడూ బాగున్నారనుకుంటాను. ఫోనులో అరిచి చెబితే నీకు సగం వినబడదు, మిగతా సగం వీధంతా వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. హాస్టల్లో సంగటి పెట్టరు, ఆదివారాలు అక్కమ్మ హోటల్లో తింటున్నాను. "కొండకు మెట్లుండంగా గోడలెక్కేదేందే?" అన్నావు. ఈ ఆటకూ పందేలున్నాయి నాయనా, పతకాలున్నాయి. ఎక్కేవాళ్ళు పట్టుకోవడానికి గోడకు బిగించే హోల్డులే మేం చేసేది.

మంచి హోల్డు ఎట్లుండాలన్నావు. నురగ దిమ్మెను చెక్కి, అచ్చు తీసి, ఇసుక కలిపిన రెజిన్ పోస్తాం. అంచులు గుండ్రంగా ఉండాలి, లేకపోతే వేళ్ళు కోసుకుంటాయి. మనిషి బరువంతా పడినా బోల్టు మీద తిరగకూడదు. ఒకే హోల్డును పక్కకు తిప్పి బిగిస్తే ఎక్కేవాడికి కొత్త చిక్కు రావాలి. అన్నిటికన్నా కష్టం గరుకు. తక్కువైతే చెమట చెయ్యి జారుతుంది, ఎక్కువైతే తోలు లేచిపోతుంది. రోలుకు ఉలితో కక్కు ఎంత లోతుగా కొడితే అంత మంచిదని నువ్వు నేర్పింది ఇక్కడ పనికిరాదు. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

నాతో పనిచేసే తమ్ముడు మునికుమార్‌ని ఇక్కడి పనిలోంచి ఎందుకు తీసేశారనీ అడిగావు. వాడు నోరు విప్పడం లేదని రాశావు. ఆ జవాబు కావాలనే చివరికి పెట్టుకున్నాను.

పోయిన నెల కొత్త హోల్డు ఒకటి చేశాను. వాడు అచ్చులోంచి తీసి, నిమిరి, "అక్కా, శానా గరుగ్గా ఉండాది, సూడు" అన్నాడు. నేనూ తాకాను. పదేళ్ళు నీ పక్కన కూర్చుని రాళ్ళు కొట్టి కాయలు కాసిన చెయ్యి కదా, నున్నగానే అనిపించింది. "నాకు నేర్పొచ్చినావా? పోయి బిగించుపో" అన్నాను.

స్టెల్లా అని పదో తరగతి పిల్ల, రాష్ట్ర పోటీల కోసం ఆ హోల్డు మీదే సాధన చేసి మూడు వేళ్ళ తోలు పోగొట్టుకుంది. పోటీకి పోలేకపోయింది. ఇసుక ఎక్కువ కలిపాడని ఓనరు ధనంజయ సార్ తమ్ముడిని తిట్టి పంపేశారు. ఇసుక ఎంత కలపాలో చెప్పింది నేను. పక్కనే నిలబడి ఉన్నాను. వాడు ఒక్కసారి నా వైపు చూసి సంచి సర్దుకున్నాడు. ఈ పని పోతే మళ్ళీ ఎండలో రోళ్ళ ముందు కూర్చోవాలని భయపడి ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది నాయనా.

ఈ పొద్దున సార్‌కు జరిగింది చెప్పాను. తమ్ముడిని సోమవారం రమ్మన్నారు. నా సంగతి ఆలోచించి చెబుతామన్నారు.

ఈ ఉత్తరం వాడి ముందరే పైకి చదువు. దీంతో పాటు కొత్తగా చేసిన హోల్డు ఒకటి పంపుతున్నాను. నువ్వు నిమిరి బాగుందనొద్దు, నీ చేతికి ఏదైనా నున్ననే. తమ్ముడి చేతికివ్వు. గరుగ్గా ఉంటే ఉందని చెప్పమను. ఈసారి వింటాను.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
ప్రసన్నకుమారి