కాంచన ఫ్యాక్టరీలో నేను ముట్టిన చిప్పు

గిరిజకు, బెంగళూరులో నేనూ, మన అమ్మాయి కాంచనా క్షేమం.

కాంచన తాను చిప్పులు పరీక్షించే ఫ్యాక్టరీ చూపించింది. ముట్టొద్దని చెప్పినా వినకుండా గోరంత చిప్పును చేత్తో తీశాను. నా పట్టు ఉత్తరీయం రాపిడికి పుట్టిన కరెంటు వేలి నుంచి దాంట్లోకి పాకిందట. పైకి ఏమీ కాలేదు.

"లోపల స్పేరు ఉండాది నాయనా, ఒకటి పోయినా ఇంకోటి పనిచేస్తాది" అంటూ పరీక్షకు పెట్టింది. రెండూ పోయాయి.

ఆఫీసరు రాగానే, "తప్పు నాదే సార్, మా నాయనకు నేను చెప్పలేదు" అంది. నేను తల దించుకుని బయటికి వచ్చేశాను.

చింతామణి ఊళ్లో ఎవరికీ చెప్పొద్దు. బావి మోటారు బాగైందా? అంగడికి బెల్లం వచ్చిందా?

ఈ కార్డు డబ్బాలో వేసి ఆఫీసరు దగ్గరికి పోతున్నాను, నిజం చెప్పడానికి. పిల్లలకు దీవెనలు.

వాసుదేవ