గడియారాల బల్ల పక్కన సాధుజీవి

బావగారికి నమస్కారాలు.
వంతెన పని మీద మూణ్ణెల్లు ఊళ్ళో ఉండను. నా చేపను తొట్టెతో సహా మీ గడియారాల బల్ల పక్కన పెట్టి, మీరు నిద్ర లేచేలోపే బస్సెక్కేశాను. సాధుజీవి. రోజుకు గుప్పెడు రొయ్యలు వేస్తే చాలు. ఒంటరిగా ఉండటం దానికి అలవాటు.
మీ బావమరిది
తా.క.: నీళ్ళలో వేలు పెట్టకండి. దానికి సిగ్గెక్కువ.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.
నీ సాధుజీవి పొద్దస్తమానం నన్నే చూస్తోంది. నేను అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు. ఒక్క గడియారమూ కుదురుగా విప్పలేకపోతున్నాను. పాపం ఒంటరితనమని మీ అక్క తేల్చింది. మేడ మీద ఉండే మా ఇంటి యజమానులు పది రోజులు ఊరెళ్తూ మూడు బంగారు చేపల్ని సీసాలో పెట్టి గుమ్మంలోనే అప్పగించారు. ఇంటావిడకు అవి కన్నబిడ్డలు. వాటికేమైనా అయితే మా సామాను వీధిలో ఉంటుంది. అందుకే ఆ ఇరుకు సీసాలో ఎందుకని నీ తొట్టెలో వేశాను.
మీ బావ
తా.క.: వేస్తుంటే నీది ఇంత నోరు తెరిచింది. సంతోషం కాబోలు.

బావగారూ,
నమస్కారాలు తర్వాత. ముందు వాటిని బయటికి తియ్యండి! దానికి తోడు వద్దే వద్దు!
మీ బావమరిది
తా.క.: తీశారా?

చిరంజీవికి,
నువ్వు పెళ్ళొద్దంటావు సరే, నోరులేని జీవికి కూడా తోడొద్దా? ఎంత కుళ్ళురా నీకు! అసలు సంగతేమిటంటే, బంగారు చేప ఒకటి కనబడటం లేదు. నా ముప్పై ఏళ్ళ అనుభవంలో, చిన్న వస్తువు పోయిందంటే అది నేల మీదే ఉంటుంది. కంటికి భూతద్దం తగిలించుకుని, బల్ల కిందంతా మెల్లగా ఊడ్చి, ఆ చెత్తను తెల్లదుప్పటి మీద పోసి వెతికాను. రెండు మరలు, నిరుడు పోయిన సెకన్ల ముల్లు దొరికాయి. చేప దొరకలేదు. నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.
మీ బావ
తా.క.: రెండోది కూడా జారిపడినట్టుంది. మళ్ళీ దుప్పటి పరుస్తున్నాను.

బావగారి పాదాలకు నమస్కారాలు.
దుప్పటి మడిచెయ్యండి. అవి నేల మీద లేవు, దాని కడుపులో ఉన్నాయి. ఈపాటికి మూడోది కూడా చేరి ఉంటుంది. అది సాటి చేపల్ని తినే చేప. చెబితే ఉంచుకోరని దాచాను. అసలు అది నాది కూడా కాదు. నెల కిందట బస్టాండులో ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన, ఇంట్లో ఆవిడ ఉండనివ్వడం లేదంటూ కళ్ళనీళ్ళతో నా చేతిలో పెట్టాడు. మీకు ఇల్లు పోతే ఆ పాపం నాదే. సెలవు పెట్టి వస్తున్నాను.
మీ బావమరిది
తా.క.: అక్కకు ఇప్పుడే చెప్పకండి. నేను వచ్చాక ఇద్దరం కలిసి తిట్లు తిందాం.

చిరంజీవికి,
రావొద్దు. మీ అక్క ఉత్తరం చదివేసింది.
ఇంటివాళ్ళు వచ్చి నాలుగు రోజులయింది. ఇంటావిడ సామానుతో పైకెళ్ళింది, సీసా కోసం ఇంటాయన లోపలికి వచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన వింటే కదా! తొట్టె ముందు కూలబడి, "నువ్వా! ఇక్కడున్నావా!" అన్నాడు. నీ బస్టాండు పెద్దాయన ఆయనే. చేపను చెరువులో వదిలేశానని ఆవిడ దగ్గర ఒట్టేశాడట. పరుగున పోయి మూడు కొత్త బంగారు చేపలు తెచ్చి, సీసాలో వేసుకుని పైకెళ్ళిపోయాడు. ఇల్లు నిలిచింది.
రోజూ సాయంత్రం గోడగడియారం చంకలో పెట్టుకుని వస్తున్నాడు. దానికి ఏ జబ్బూ లేదు. ఆయన చేపను చూసుకున్నంతసేపూ నేను ఆ గడియారాన్ని విప్పి, మళ్ళీ బిగిస్తున్నాను. చేప నన్నే చూస్తుంది, ఆయన చేపనే చూస్తాడు.
మీ బావ
తా.క.: ఇవాళ మధ్యాహ్నం ఇంటావిడ ఒక్కతే దిగి వచ్చింది. "నా పిల్లల్ని నేను పోల్చుకోలేనా? ఆ మూడూ నావి కావు" అని కళ్ళు తుడుచుకుంది. నేను మీ అక్క వెనక నక్కాను. "ఆయనకు చెప్పకండి. నెల తర్వాత మళ్ళీ కడుపునిండా తింటున్నారు" అని, నీ సాధుజీవికి ఒక పొట్లం రొయ్యలు ఇచ్చి వెళ్ళింది.