కుంటి స్టూలున్న చీటీ

ప్రియమైన పుస్తకాల పురుగుకి,
అక్కావాళ్ల వరండాలో సర్దుకున్నాను. మన ఆరేళ్ల సామాను నీ దగ్గరే ఉంది. అక్క ప్రాణం తీస్తోంది: "పెళ్లా పాడా, అడిగేదెవరు? బైండింగ్ ప్రెస్ బిల్లు నీ పేరు మీదేగా, ఎత్తుకొచ్చెయ్యరా!"
నాకలా వద్దు. నువ్వు సామానంతా రెండు చీటీలుగా రాయి. ఒకటి నేను ఎంచుకుంటాను, మిగిలింది నీది. అన్యాయం ఎవరికీ జరగదు.
నీ వడ్రంగి మేస్త్రీ
("నీ" అనొచ్చా ఇంకా?)

ప్రియమైన మేస్త్రీ,
అనొచ్చేమో. తెలీదు.
ఒకటో చీటీ: ప్రెస్, కుంటి స్టూలు.
రెండో చీటీ: మంచం, బల్ల, పుస్తకాల అరలు, ఫ్రిజ్, మిగతావన్నీ.
నువ్వు చేత్తో చేసినవన్నీ రెండోదాంట్లోనే ఉన్నాయి. త్వరగా చెప్పు. లైబ్రరీవాళ్ల పుస్తకాలు నలభై కుట్టి పెట్టాను, ప్రెస్సులో బిగించాలి. తలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడుతున్నాను.
పురుగు

ప్రియమైన పురుగుకి,
ఒకటో చీటీ నాది. ఇంటినిండా సామాను నాకిచ్చి నువ్వు స్టూలు మీద కూర్చుంటావా? అది నన్నే రెండుసార్లు పడేసింది. ఆదివారం బండి తెస్తాను.
మేస్త్రీ

ప్రియమైన మేస్త్రీ,
ఇది నాలుగో కాగితం. మూడింటిలో "నీ ఇష్టం" అని రాసి చింపేశాను.
ఇచ్చింది తీసుకోవడమే గానీ అడగకూడదని కాన్వెంటు బళ్లో సిస్టర్లు నేర్పారు. చీటీల్లోనూ అడగలేదు, నువ్వే కనిపెట్టాలని చూశాను. ఆరేళ్లూ ఇంతే చేశాను. నా మౌనంతో విసిగిపోయానని నువ్వు వెళ్తూ అన్నది ఇదేనా?
ప్రెస్ నాకు కావాలి. బిల్లు ఎవరి పేరునున్నా దాని చక్రం తిప్పింది నేను. అది లేకపోతే నాకు పని లేదు.
పురుగు

ప్రియమైన పురుగుకి,
బిల్లు వెనక ప్రెస్ నీదేనని రాసి, సంతకం పెట్టి పంపుతున్నాను. నీకు ప్రెస్సే కావాలని చీటీ చూడగానే నాకు అర్థమైంది. నీ నోట "కావాలి" అన్న మాట ఒక్కసారి వినాలనిపించింది, అందుకే ఒకటోది ఎంచుకున్నాను. నీ పని ఆపినందుకు మాత్రం క్షమించు.
ఆదివారం రెండో చీటీ సామాను తీసుకెళ్తాను. స్టూలుకి కొత్త కాలు వేసిస్తాను, ఉంచుకుంటావా?
మేస్త్రీ

ప్రియమైన మేస్త్రీ,
స్టూలు వద్దు. నన్నూ పడేసింది.
అరలు కావాలి. మొత్తం.
పురుగు